నాయనతో జీపు దారిలో కొడచాద్రికి

మొన్న బెంగళూరు జేసీ రోడ్డు మీద పోతుంటే ఒక స్పేర్‌పార్ట్స్ షాపు ముందు గేర్ ఆయిల్ డబ్బా ఒలికిపోయి ఉంది. అది మామూలు ఇంజన్ ఆయిల్ వాసన కాదు. గంధకం కలిసిన ఘాటు, ముక్కులోంచి గొంతులోకి దిగిపోతుంది. మెకానిక్కులు నైంటీ ఆయిల్ అంటారు, జీపుల గేర్‌బాక్సులో, వెనక ఇరుసు హౌసింగ్‌లో పోసేది. చాలామందికి ఆ వాసనకు కడుపులో తిప్పుతుంది. నాకు మాత్రం అక్కడి నుంచి కదలబుద్ధి కాలేదు, ఎందుకంటే మా నాయన చొక్కాల వాసన అదే, అమ్మ ఎన్ని సబ్బులు మార్చినా పోనిది. నాయన పోయి చాలా ఏళ్లయింది. ఆ రాత్రి అన్నకు ఫోన్ చేస్తే ఇద్దరం ఇంటి సంగతులు వదిలేసి కర్ణాటకలో కొల్లూరు దగ్గరి కొండ, కొడచాద్రి గురించే మాట్లాడుకున్నాం. అందులో గుర్తున్నవి, అన్న గుర్తు చేసినవి ఇక్కడ రాసుకుంటున్నాను.

మాది హిందూపురం పక్కన పల్లె. నాయన పెళ్లి కాకముందే బెంగళూరు వచ్చేసి, కలాసిపాళ్యంలో ఒక మేస్త్రి దగ్గర స్పానర్లు అందించే పిల్లోడిగా చేరి, పని నేర్చుకుని, జేసీ రోడ్డు వెనక సందులో సొంతంగా రేకుల షెడ్డు వేసుకున్నాడు. కార్లు పట్టేవాడు కాదు. జీపులే. మొదట్లో విల్లీస్ పెట్రోలు బండ్లు, తర్వాత మహీంద్రా డీజిల్ బండ్లు. చిక్కమగళూరు, సకలేశపుర కాఫీ తోటల నుంచి, సాగర వైపు వక్క తోటల నుంచి వచ్చేవి. బెంగళూరులో దొరకని సామాను ఉండదు కదా, అందుకని పెద్ద పని ఉంటే ఇక్కడికే తోలేవాళ్లు. బండి కింద ఎండి గట్టిపడిన మట్టిని సుత్తితో కొట్టి రాల్చడం మా అన్నకు నాయన అప్పజెప్పిన మొదటి పని. రాలిన మట్టిని వేళ్ల మధ్య నలిపి చూసి, బండి ఏ వైపు నుంచి వచ్చిందో నాయన చెప్పేవాడు. తోలుకొచ్చిన మనిషి అవునని తలూపేవాడు. నాకప్పుడు అది పెద్ద విద్యలా కనిపించేది, ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది.

మేముండేది మావళ్లిలో, వఠారం ఇంట్లో. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, షెడ్డులో ఆ రెండిటితోపాటు తమిళం, ఉర్దూ.

షెడ్డుకు అసలు పండగ ఆయుధపూజ. ముందురోజంతా స్పానర్లు, రింగులు, జాకీలు కిరసనాయిల్లో కడిగి, గుడ్డతో తుడిచి, బల్ల మీద సైజు వారీగా పేర్చి బొట్లు పెట్టేవాళ్లు. బూడిదగుమ్మడికాయ కొట్టడం, చక్రాల కింద నిమ్మకాయలు, అందరికీ పొట్లాల్లో బొరుగులు, పప్పులు, ఒక స్వీటు. పిల్లోళ్లకు కొత్త బట్టలు, చేతిలో కొంత డబ్బు. దశమి నుంచి కొన్ని రోజులు షెడ్డుకు తాళం. ఏడాది మొత్తం మీద నాయన చేతులు కాస్త తెల్లగా కనిపించేది ఆ రోజుల్లోనే. దశమి రాత్రి మెజెస్టిక్ బస్టాండులో కొల్లూరు బస్సు ఎక్కేవాళ్లం.

కొల్లూరు బెంగళూరుకు 400 కిలోమీటర్ల పైచిలుకు. శివమొగ్గ దాటాక ఎప్పుడో మెలకువ వచ్చి కిటికీ రేకు ఎత్తితే చల్లగాలి, తడి ఆకుల వాసన, బస్సు దీపాల వెలుగులో కదిలిపోయే వక్క చెట్లు. నాయన నిద్రపోయేవాడు కాదు. డ్రైవర్ గేరు మార్చినప్పుడల్లా కాలు కొద్దిగా కదిలేది. తెల్లారేసరికి కొల్లూరు. సౌపర్ణిక నదిలో స్నానం, మూకాంబిక అమ్మవారి దర్శనం. విజయదశమికి కేరళ నుంచి పిల్లలకు అక్షరాభ్యాసం చేయించడానికి వచ్చిన జనం ఇంకా పూర్తిగా తగ్గి ఉండరు, గుడి వీధంతా మలయాళమే. ఆ జనంలో చాలామంది తర్వాత కొడచాద్రికి పోతారు. దేవి మూలస్థానం ఆ కొండ మీదేనని నమ్మకం. అందుకని గుడి దగ్గర జీపులు వరసగా నిలబడి ఉండేవి, డ్రైవర్లు మనుషుల్ని లెక్కపెట్టుకుంటూ అరుస్తుండేవాళ్లు.

అక్కడే ప్రతిసారీ మా ఇంట్లో పంచాయితీ. జీపుల మేస్త్రి పెళ్లాం పిల్లలు జీపెక్కి పోవాలి కదా? నాయన ఎక్కేవాడు కాదు. "ఊరందరి జీపులు నడిపిస్తావు, మమ్మల్ని మాత్రం నడిపిస్తావా?" అని అమ్మ ఒకసారి నిజంగానే కోప్పడింది. నాయన నవ్వి, "ఏడాదంతా పండుకున్న జీపుల్నే చూస్తాను గదమ్మే. కొండెక్కే జీపును చూడాలంటే బయటుండాల," అన్నాడు. చివరికి కుదిరిన ఒప్పందం ఏమిటంటే, మోకాళ్ల నొప్పులున్న అమ్మ సంచులతో సహా జీపులో ముందు పోతుంది. నాయన, అన్న, నేను ఘాట్ రోడ్డు మీదుగా పోయే బస్సెక్కి కట్టినహొళె దగ్గర దిగి, జీపుల దారి పట్టుకుని నడుస్తాం. హిడ్లుమనె జలపాతం మీదుగా ఇంకో కాలిదారి ఉంది, అందంగా ఉంటుంది, కానీ నాయన ఎప్పుడూ అటు చూడలేదు. ఆయనకు కావాల్సింది జీపు దారే.

ఆ దారి ఎలా ఉండేదో చూడనివాళ్లకు చెప్పడం కష్టం. రోడ్డు అనుకోకండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడమటి కనుమల వాన తిన్న ఎర్రమట్టి, దాని మీద బండ్లు తొక్కిన రెండు గాడులు, కొన్నిచోట్ల గాడి నా మోకాలి లోతు. మధ్యలో గడ్డి మొలిచిన గట్టు, దాని మీద నడవాలి. నీళ్లు అడ్డంగా పారేచోట వంతెనలేవీ ఉండవు, గుండ్రాళ్ల మీద నుంచే పోవాలి. మొదట్లో ఎండ పడని దట్టమైన అడవి, తర్వాత రాళ్లు తేలిన ఏటవాలు, ఆ పైన ఒకదాని మీద ఒకటి మలుపులు. మలుపు ఎంత ఇరుకంటే జీపు ఒక్కసారికి తిరగదు. ముందుకు పోయి, కొంచెం వెనక్కి జారి, మళ్లీ ముందుకు. ఆ వెనక్కి జారేటప్పుడు లోపలున్నవాళ్లు దేవుణ్ణి తలుచుకునేది మాకు కింది మలుపు దాకా వినపడేది.

నాయన మాకు పెట్టిన నియమాలు కొన్నే. జీపు వస్తుంటే కొండవైపు ఒదగాలి, లోయవైపు కాదు. ఎక్కే బండికి వెనక ఎప్పుడూ నిలబడకూడదు, అది జారొచ్చు, చక్రం కింది రాయి ఎగిరొచ్చు. దిగే బండి ఎక్కే బండికి దారి ఇస్తుంది కాబట్టి రెండూ ఎదురుపడేచోట మనం ముందే పక్కకు తప్పుకోవాలి. ఇక చివరిది, మాట్లాడకుండా నడవాలి. అది నాకు చిన్నప్పుడు శిక్షలా అనిపించేది. వింటూ నడవడానికే ఆ నియమమని తర్వాత అర్థమైంది.

ఎందుకంటే ఆ అడవిలో జీపు కంటికి కనబడటానికి చాలా ముందే చెవికి అందుతుంది. మొదట ఎక్కడో కింద సన్నని మూలుగు. లోయ మడతల్లో పోయి కాసేపు ఆగుతుంది, మళ్లీ వస్తుంది. నాయన నిలబడి చెయ్యి పైకెత్తేవాడు. "ఇప్పుడు దిగినాడు సూడు." అంటే డ్రైవర్ కిందికి దిగి ముందు చక్రాల మధ్యలో ఉండే హబ్బులు చేత్తో తిప్పి లాక్ చేస్తున్నాడని. అప్పటి జీపుల్లో ముందు చక్రాలకు బలం అందాలంటే లోపల రెండో లివర్ వేస్తే చాలదు, దిగి హబ్బులు కూడా తిప్పాలి. ఆ తర్వాత వచ్చే శబ్దం వేరు. ఇంజన్ పరుగెత్తుతూ ఉంటుంది, బండి మాత్రం మనిషి నడిచే వేగంతో వస్తుంటుంది. దానితోపాటు టైర్లకు చుట్టిన ఇనప గొలుసులు, గోనెసంచిలో చిల్లర పోసి ఊపినట్టు. వానాకాలంలో బురదకు పట్టు దొరకాలని గొలుసులు కట్టేవాళ్లు, దసరాకు చాలా బండ్లకు ఇంకా విప్పి ఉండరు. జీపు మమ్మల్ని దాటి పోయాక డీజిల్ పొగ చెట్ల కింద చాలాసేపు కదలకుండా ఉండేది. ఆ పొగ పలచబడ్డాక మళ్లీ అడవి చప్పుళ్లు. అక్కడ ఒక నల్లని పిట్ట ఉంటుంది, అచ్చం మనిషే ఈల వేస్తున్నాడనిపిస్తుంది. మొదటిసారి విన్నప్పుడు ఎవరో మమ్మల్ని పిలుస్తున్నారని అన్న బదులు ఈల వేశాడు.

అన్నకూ నాకూ బాగా గుర్తున్నది కేరళవాళ్ల జీపు ఇరుక్కున్న రోజు. పై మలుపులు మొదలయ్యేచోట వెనక చక్రాలు రెండూ గాడిలో పడి తిరుగుతున్నాయి, బురద చిమ్ముతోంది, బండి కదలడం లేదు. జనమంతా దిగి గట్టు మీద నిలబడ్డారు, ముసలమ్మలు, చంటిపిల్లలు కూడా. కుర్రాళ్లు వెనక నుంచి తోయబోతుంటే నాయన గట్టిగా అరిచి అందరినీ పక్కకు తప్పించాడు. డ్రైవర్‌కు కోపమొచ్చింది, ఎవడీయన అని. నాయన ఇంకోసారి ఎక్సలేటర్ తొక్కమని చెప్పి, ముందు చక్రాల వైపు వంగి చూశాడు. అవి తిరగడం లేదు. లివర్ వేసే ఉంది. రెండు హబ్బులూ తిప్పానని డ్రైవర్ ఒట్టేసి చెబుతున్నాడు. కుడివైపు హబ్బులో మట్టి కూరుకుని సగంలో ఆగిపోయింది. ఒక పక్క హబ్బు పట్టకపోతే ముందు ఇరుసుకు వచ్చిన బలమంతా ఆ వదులుగా ఉన్న పక్కకే పోయి ఊరికే తిరుగుతుంది, రెండో చక్రానికీ ఏమీ అందదు. నాయన పుల్లతో మట్టి గీకి, డ్రైవర్ దగ్గర కటింగ్ ప్లేయర్ తీసుకుని దాన్ని పూర్తిగా తిప్పాడు. గాడిలో రాళ్లు పేర్పించి, "ఇప్పుడు తొక్కొద్దు, ఊరికే క్లచ్ వదులు" అన్నాడు కన్నడంలో. జీపు తనంతట తాను పాక్కుంటూ పైకొచ్చేసింది. గట్టు మీది వాళ్లంతా ఒక్కసారి "అమ్మే మూకాంబికే" అని కేకపెట్టారు. ఒక పెద్దామె వచ్చి నాయన మట్టి చేతులు పట్టుకుని ఏదో చాలా చెప్పింది, ఒక్క ముక్క అర్థం కాలేదు, నా ఒళ్లో అరటికాయ చిప్సు పొట్లం పెట్టింది. డ్రైవర్ ఎక్కమని ఎంత బతిమాలినా నాయన ఎక్కలేదు. నాకు మాత్రం ఎక్కాలని ఎంత ఉండేదో.

మేం పైకి చేరేసరికి ఆ కబురు మాకంటే ముందే చేరింది. గుడి పక్కన అర్చకుల ఇల్లు, భట్టర మనె అంటారు. అక్కడే తిండి, అక్కడే పడక. పెద్ద హండెలో వేణ్ణీళ్లు కాగుతున్నాయి. ముందు మేస్త్రికి నీళ్లు ఇవ్వండని ఆ డ్రైవరే లోపలికి కేక వేశాడు. చలికి వణుకుతూ ఆ కట్టెపొగ వాసన నీళ్లు పోసుకున్న సుఖం మళ్లీ ఎక్కడా దొరకలేదు. తర్వాత ఆకులో వేడన్నం, మిరియాల సారు, అప్పెమిడి ఊరగాయ, మజ్జిగ. అప్పెమిడి అంటే ఆ మలెనాడు అడవుల్లో దొరికే పిందె మామిడి, టెంక కూడా గట్టిపడని పిందెను ఉప్పులో ఊరేస్తారు, ఆ వాసన తెలిసినవాళ్లకే తెలుసు. కరెంటు లేదు. లాంతరు వెలుగులో డ్రైవర్లు నాయన చుట్టూ చేరేవాళ్లు. కమాన్ కట్టలు, అంటే బండి కింది స్ప్రింగు పట్టీలు, ఎందుకు విరుగుతున్నాయి, ఫ్రెంచి కంపెనీ పూజో ఇంజను చలికి ఎందుకు మొరాయిస్తోంది, బ్రేకు డ్రమ్ములో నీళ్లు పోతే ఏం చేయాలి. అదే వాళ్ల కచేరీ. మహీంద్రా ఎంఎం 540 జీపులో ఉండే ఆ పూజో డీజిల్ ఇంజను మీద నాయనకు చాలా ఇష్టం. డబ్బు తీసుకునేవాడు కాదు. బదులుగా తేనె, మిరియాలు, ఒకసారి పనసకాయ బెంగళూరు దాకా మాతో వచ్చాయి.

పొద్దున్నే లేస్తే ముందు వినపడేది గుడిగంట కాదు, జీపులు స్టార్ట్ చేసే చప్పుడు. డీజిల్ ఇంజన్‌ను ముందుగా వేడిచేసే హీటర్ బటన్ నొక్కిపట్టి, ఓపికగా ఆగి, అప్పుడు స్టార్ట్ చేస్తే దగ్గి దగ్గి తెల్లపొగ వదిలి పట్టుకునేవి. ఒకటి పట్టుకుంటే నాయన దుప్పట్లోంచే "ఆఁ" అనేవాడు.

గుడి ముందు ఒక ఇనప స్తంభం ఉంది, దాదాపు 40 అడుగుల ఎత్తు. దేవి మూకాసురుణ్ణి చంపిన త్రిశూలమని అక్కడివాళ్లు చెబుతారు. అమ్మ దండం పెట్టుకునేది. నాయన దాని చుట్టూ తిరిగి అతుకులు వెతికేవాడు. ఇంత వానలో, పైగా సముద్రపు గాలి తగిలే చోట, బయట నిలబెట్టిన ఇనుము తినేసిపోకుండా ఎలా ఉందన్నది ఆయన ప్రశ్న. షెడ్డులో ఒక్క వానాకాలం వదిలేసిన ఛాసిస్ ఏమయ్యేదో ఆయనకు తెలుసు కాబట్టి ఆ ఆశ్చర్యం. చాలా ఏళ్ల తర్వాత కల్పాక్కంలోని అణు పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు ఆ స్తంభం మీద పరిశోధన చేశారని చదివాను, పాత పద్ధతిలో కొలిమిలో తీసిన ఇనుమట. అప్పటికి చెబుదామంటే నాయన లేడు.

జీపులు అక్కడిదాకే. ఆ పైన శిఖరం మీది సర్వజ్ఞపీఠానికి అందరూ నడవాల్సిందే, జీపులో వచ్చినవాళ్లూ మాలాంటివాళ్లూ ఒకే వరసలో. చెట్లు అయిపోయి గడ్డి కొండలు మొదలవుతాయి, గాలి మనిషిని నెట్టేస్తుంది. శిఖరం 1,343 మీటర్లు. పైన చిన్న రాతి మంటపం, ఆదిశంకరులు తపస్సు చేసింది అక్కడేనంటారు. సాయంత్రం మబ్బు లేకపోతే పడమట అరేబియా సముద్రం సన్నని గీతలా మెరుస్తుంది. అక్కడ కూర్చోబెట్టి అమ్మ ప్రతిసారీ అదే కథ చెప్పేది. దేవి శంకరుల వెంట రావడానికి ఒప్పుకుంది, కానీ వెనక్కి తిరిగి చూడకూడదని షరతు. గజ్జెల చప్పుడు వింటూ ఆయన ముందు నడిచాడు, కొల్లూరు దగ్గర ఆ చప్పుడు ఆగేసరికి తిరిగి చూశాడు, దేవి అక్కడే ఉండిపోయింది. నాయన ఆ కథ వింటూ, "చప్పుడు ఆగితే ఎవరైనా తిరిగి సూడాల్సిందే గదా. ఆయనదేం తప్పు?" అనేవాడు. ఇంజను చప్పుడు ఆగితే ఎలా ఉంటుందో తెలిసిన మనిషి మాట అది.

తర్వాత్తర్వాత నాయన మోకాళ్లూ పోయాయి. షెడ్డులో కింద పడుకుని లేచే పని అది, పోకుండా ఎలా ఉంటాయి. అప్పుడైనా జీపెక్కుతాడనుకున్నాం. ఎక్కలేదు. కట్టినహొళెలో టీ అంగడి ముందు బెంచీ మీద కూర్చుని, మీరు పోయిరండి అనేవాడు. అన్నా నేనూ ఎక్కి, రాత్రి ఉండి, మర్నాడు దిగి వచ్చేవాళ్లం. ఆయన ఆ రాత్రి అక్కడే ఎవరింట్లోనో పడుకుని మళ్లీ బెంచీ మీదికి వచ్చేవాడు. మేం కనబడగానే అడిగే మాటలు అమ్మ ఎలా ఉంది అని కాదు. "ఆ ఆకుపచ్చ బండి మొదటి మలుపులో క్లచ్ తొక్కిపట్టి ఏడిపించినాడు గదా? పొద్దున దిగినోడికి వెనక బేరింగు పోతోంది, చెప్పినా వినలేదు." ఆ ఆకుపచ్చ బండి నిజంగానే మొదటి మలుపులో మా పక్కనే ఆగి కాలిన వాసన కొట్టింది. మేం కళ్లతో చూసిందంతా ఆయన కింద బెంచీ మీద కూర్చుని విన్నాడు. అన్న ఆ రోజు బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు.

నాయన పోయాక షెడ్డు స్థలం యజమాని వెనక్కి తీసుకున్నాడు, ఇప్పుడక్కడ సీట్ కవర్ల గోడౌన్ ఉంది. స్పానర్ల సెట్టు అన్న దగ్గర ఉంది. అన్న మెకానిక్ కాలేదు, కానీ ఆయుధపూజకు వాటిని కిరసనాయిల్‌తో కడగడం మానలేదు.

ఈమధ్య ఒకసారి అన్నా నేనూ పోయాం. జీపులే ఎక్కువ, నడిచేవాళ్లు అరుదు. బండ్లు కొత్తవి, బలమైనవి, హబ్బులు తిప్పడానికి ఎవరూ దిగడం లేదు. డ్రైవర్లు పాతవాళ్లలాగే నేర్పరులు, ఆ మలుపుల్లో వాళ్ల చేతుల్ని చూస్తే ఇప్పటికీ నమస్కారం పెట్టాలనిపిస్తుంది. నాకు బాధ కలిగించింది ఒక్కటే, ఎక్కేవాళ్లకు దారి తెలియడం లేదు. గంటలో పైన దింపుతారు, ఫోటోలు, సూర్యాస్తమయం, మళ్లీ గంటలో కింద. దారంతా లోపల పాటలు పెద్దగా పెడుతున్నారు. పెట్టుకోవద్దని కాదు, సెలవు వాళ్లది. కానీ బండి ఆ రాళ్లను ఎలా పట్టుకుంటోందో ఆ పాటలో వినపడదు కదా. కనీసం దిగేటప్పుడైనా ఆ కింది అడవి భాగం నడవండి, సంచులు జీపులో వేసేయండి, డ్రైవర్లు కాదనరు.

ఈ దసరాకు మళ్లీ పోతున్నాం. ఈసారి అన్న కూతురు కూడా వస్తోంది, కాలేజీ పిల్ల. "అత్తా, జీపుంటే ఎందుకు నడవడం?" అని అడిగింది. దాని తాత కథంతా చెప్పకుండా, ముందు మోకాళ్ల దాకా వచ్చే మేజోళ్లు కొనుక్కోమన్నాను, ఎందుకంటే ఆ నెలలో జలగలు ఇంకా పోవు. ఉప్పు పొట్లం నేను తెస్తాను. కట్టినహొళె బస్సు పొద్దున్నే అందుకోవాలి, మధ్యాహ్నానికి మబ్బు పట్టేస్తుంది.